దిండ్ల మధ్య కూర్చున్న మనిషి

మా పరుపుల మామయ్య ఈ రోజుకీ కొట్టు అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళ నడకకు వంకలు పెడుతున్నాడంటే దానికి కారణం ముగ్గురు. ఒకరు డాక్టరమ్మ. రెండో ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. మూడో కారణం మా ఊరి జనం. మొదటి ఇద్దరూ ఏదో ఒకటి చేశారు. మా ఊరి జనం మాత్రం ఏమీ చేయకుండా హాయిగా ఇళ్ళలో కూర్చున్నారు. వాళ్ళు అలా కూర్చోబట్టే ఆయన బతికాడు. అదెలాగో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. కాలేజీ మధ్యలో వదిలేసినవాడికి ఏం రాయడం వచ్చని అనుకోకండి. చివరిదాకా చదివి పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు కూడా కబుర్లు కావాలంటే నా దగ్గరికే వస్తారు.

ముందు ఊరి సంగతి చెప్పాలి. మాది కొండ మీద ఊరు. కిందికి దిగడానికి ఒకటే రోడ్డు. ఆ రోడ్డు వేసిన ఇంజనీరు ఒక పాము వెనకాల నడుస్తూ సున్నంతో గీత గీశాడనీ, ఆ పాముకి కూడా దారి తెలియదనీ మా తాతయ్య చెప్పేవాడు. కొన్ని మలుపుల దగ్గర బస్సు ముందు సీట్లో కూర్చున్నవాడికి వెనక సీట్లో ఉన్న తన పెళ్ళాం ఎదురొస్తుంది. అబద్ధమైతే నా పేరు మార్చుకుంటాను. అందుకని మా ఊరివాళ్ళకి బస్సు పడదు. మొదటి మలుపు దాకా కబుర్లు, రెండో మలుపులో మౌనం, ఆ తరవాత కవర్లు. పెళ్ళి సంబంధాలు కూడా కొండ మీదే చూసుకుంటాం.

ఇలాంటి ఊరికి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. సొంత మైదానంలో ఆడితే గోడలూ డాబాలూ నీళ్ళ ట్యాంకూ అన్నీ జనమే. అదే క్లబ్బు కొండ దిగి పరాయి ఊళ్ళో ఆడితే వెంట వెళ్ళేవాళ్ళను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్ళు ఎక్కువ. లీగు మొత్తంలో బయటి మ్యాచ్‌లకు ఇంత తక్కువ జనం వచ్చే క్లబ్బు ఇంకోటి లేదు. ఆ ఒక్క విషయంలో మమ్మల్ని ఎవరూ ఓడించలేకపోయారు. జట్టుకు మాత్రం మలుపులు పడతాయా ఏమిటి? జెర్సీలు నీలం, మొహాలు పచ్చ. మావాళ్ళకు కడుపు కుదుటపడేలోపే అవతలివాళ్ళు కావలసిన గోల్స్ కొట్టేసుకుని రెండో సగంలో విశ్రాంతి తీసుకునేవారు.

ఇక మామయ్య. మా నాన్నకు అక్క అంటే నాకు మేనత్త, ఆవిడ భర్త ఈయన. నాకు మామయ్య కాబట్టి ఊరందరికీ మామయ్యే. నేను కాలేజీకి దండం పెట్టి ఇంటికొచ్చిన రోజున నాన్న చెప్పు తీస్తే, అత్తయ్య అడ్డం వచ్చి, వీడి బుర్రలోకి చదువు దూరకపోతే పోనీ, వీడి చేత దూది ఏకిస్తానని చెయ్యి పట్టుకుని కొట్టుకు తీసుకుపోయింది. అప్పటి నుంచీ నా ముక్కులో దూదీ, నెత్తి మీద దూదీ. ముప్పై ఏళ్ళకే జుట్టు నెరిసిందని పిల్లనివ్వని వాళ్ళున్నారు, దులుపుకుని చూపించాల్సి వచ్చింది.

పరుపుల పని గురించి మీకు తెలిసి ఉండదు. పాత పరుపు విప్పితే లోపల దూది గడ్డలు కట్టి ఉంటుంది. దాన్ని ఎండలో ఆరబోయాలి, చేత్తో విడదీయాలి, మిషన్లో వేసి ఏకాలి. అప్పుడు పిడికెడు దూది బుట్టెడవుతుంది. తరవాత కొత్త గుడ్డ సంచిలో నింపి, దబ్బనంతో అక్కడక్కడా కుట్లు వేయాలి. ఈ నింపడంలో ఉంది కిటుకంతా. మామయ్య నాకు మొదటి రోజే చెప్పాడు. ముందు మూలలు నింపాలట. నాలుగు మూలలూ గట్టిగా ఉంటే నడుమ కాస్త పల్చగా ఉన్నా ఎవరూ కనిపెట్టలేరట. ఈ మాటను ఆయన పరుపులకే పరిమితం చేసి ఉంటే నేను ఇదంతా రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆయనకు ఆట పిచ్చి ఎలా పట్టిందో చెబుతాను. కింద పట్నంలో ఒక లాడ్జివాళ్ళు దిండ్లు చేయించుకున్నారు. వాటిని అప్పగించడానికి లారీ ఎక్కి వెళ్ళాడు. మామయ్యకు మలుపులు పడవన్న భయం లేదు. లారీలో దిండ్ల మీద పడుకుని వెళ్తాడు కదా, కొండ ఎటు తిరిగితే ఆయన అటు దొర్లుతాడు, కడుపులో ఉన్నది కడుపులోనే ఉంటుంది. పని అయ్యాక చూస్తే పక్కనే స్టేడియం, లోపల మన క్లబ్బు ఆట. టికెట్టు కొని కనబడిన మొదటి గేట్లోంచి లోపలికి పోయాడు. తీరా చూస్తే అది అవతలివాళ్ళ గ్యాలరీ. ఎదురుగా మనవాళ్ళకు కేటాయించిన గ్యాలరీలో ఒక్క మనిషి లేడు. కాపలా గార్డులు కుర్చీల మీద కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

ఆ రోజు మనవాడొకడు గోల్ కొట్టాడు. ఎలా కొట్టాడో వాడికే తెలియదు. ఆనందం పట్టలేక చేతులు చాపుకుని సొంత అభిమానుల గ్యాలరీ వైపు పరుగు తీశాడు. సగం దూరం వెళ్ళాక అక్కడ ఎవరూ లేరని గుర్తొచ్చింది. పరుగు నెమ్మదించింది, నడకైంది. చాపిన చేతుల్ని ఏం చేయాలో తోచక మూలన ఉన్న జెండా కర్రను కాసేపు కావలించుకుని తల వంచుకుని వెనక్కి వచ్చేశాడు.

మామయ్య ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేశాడట. ఏమైందని అత్తయ్య అడిగితే, అంత కష్టపడి కొట్టినవాడికి చూపించుకోవడానికి ఒక్క మనిషి లేడే అన్నాడట. ఎవడో పిల్లాడు బంతి తంతే మీకెందుకండీ అంత బాధ అని అత్తయ్య మజ్జిగ పోసింది. మరుసటి బయటి మ్యాచ్‌కి మామయ్య మూటా ముల్లె సర్దుకుని బస్సు స్టాండులో ఉన్నాడు.

మొదట ఒక్కడే వెళ్ళేవాడు. తరవాత బేకరీ ఆవిడ చేరింది. ఆవిడకు వాంతి వచ్చినా మొహం చెదరదు. తరవాత రిటైరైన పొడుగు కండక్టర్, ఆయనకు మలుపులు ఉద్యోగంలోనే అరిగిపోయాయి. ఆ తరవాత కవలలైన ఇద్దరు తాపీమేస్త్రీలు. ఆఖర్న నేను. నన్ను ఎవరూ పిలవలేదు, నేను లేకపోతే బస్సులో వినోదం ఉండదని నా అంతట నేనే వెళ్ళాను. ఎప్పుడైనా ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తే, అది మాకు జాతర కింద లెక్క.

ఇంత మందిని పట్టుకుని అంత పెద్ద గ్యాలరీ నింపాలి. మామయ్య పరుపుల విద్యంతా అక్కడ వాడాడు. ఎవరూ ఎవరి పక్కనా కూర్చోకూడదన్నాడు. మూలకొకరు, ఆ నడుమ అక్కడక్కడా ఒకరు. హాఫ్ టైంలో టోపీలు మార్చుకుని చోట్లు మారాలి. టీవీలో చూసేవాడికి పల్చగానైనా జనం ఉన్నట్టే కనిపించాలి. దాంతో ఒకే బస్సులో భుజాలు రాసుకుంటూ వెళ్ళిన మేము, స్టేడియంలో అడుగుపెట్టగానే పగవాళ్ళలా విడిపోయేవాళ్ళం. కవలల వల్ల కొంచెం తంటా వచ్చింది. ఒకే మనిషి ఇక్కడ కనబడి రెప్పపాటులో ఆ చివర కనబడుతుంటే, ఒక ఊళ్ళో టీవీవాళ్ళు మా క్లబ్బు అభిమానుల్లో పరుగు పందెం వీరుడున్నాడని చెప్పారు.

అయినా చాలలేదు. అప్పుడు దిండ్లు వచ్చాయి. పొడుగాటి దిండుకు క్లబ్బు జెర్సీ తొడిగి, పైన గుండ్రటి చిన్న దిండు కుట్టి, టోపీ పెట్టి, జెర్సీ చేతుల్ని పక్కలకు మడిచి కుట్టేశాడు. కుర్చీకి తాడుతో కడితే దూరం నుంచి అచ్చం కునుకు తీస్తున్న మనిషే. గార్డులు మొదట్లో ఒప్పుకోలేదు. మామయ్య వాళ్ళతో చాలా మర్యాదగా వాదించాడు. మా దిండ్లు తాగిరావు, బూతులు తిట్టవు, రాళ్ళు వేయవు, మీ ఊరి అభిమానుల్లో ఇంత బుద్ధిమంతులు ఎంతమంది ఉన్నారో చూపించమన్నాడు. గార్డులు నవ్వి వదిలేశారు. పోను పోను అన్ని ఊళ్ళ గార్డులకూ అవి అలవాటైపోయాయి. వర్షం వస్తే కొందరు వాటి మీద ప్లాస్టిక్ పట్టా కూడా కప్పేవారు. మా మీద కప్పేవారు కాదు.

మామయ్య కూర్చునేది ఎప్పుడూ కింది వరుస మూలన. ఆ మూలకు దగ్గరగా ఆడేది మన ఎడమవైపు డిఫెండరు. సన్నగా, చెవులు పెద్దగా, మాట తక్కువగా ఉండే మనిషి. బంతి గీత దాటినప్పుడల్లా విసరడానికి అతను మామయ్య ముక్కు కిందికే రావాలి. వచ్చినప్పుడల్లా మామయ్య ఒక తిట్టు సిద్ధంగా ఉంచేవాడు. అవి వీధి తిట్లు కావు, వృత్తి తిట్లు. నీ పరుగు తడిసిన దూదిలా ఉందిరా అబ్బాయ్ అనేవాడు. నీకంటే నా దిండు నయం, పెట్టిన చోట పెట్టినట్టు ఉంటుంది, అవతలివాడు దాన్నైనా చుట్టి పోవాలి అనేవాడు. అతని చెవులు ఎర్రబడేవి. ఒక్కసారి కూడా తిరిగి చూసేవాడు కాదు. బంతి విసిరి పోయేవాడు. పాపం ఎందుకు మామయ్యా అంటే, పట్టించుకునేవాడు ఒకడున్నాడని తెలియాలిరా అనేవాడు. అంత ప్రేమగా తిట్టే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇక ఆ రోజు. లీగులో అన్నిటికంటే పెద్ద స్టేడియం. బస్సు దిగుతూ మామయ్య గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని కాస్త బరువుగా ఉందన్నాడు. చెమట పట్టింది. వేరే ఊరివాళ్ళైతే అక్కడే ఎవరినో ఒకరిని పిలిచేవారు. మా ఊరివాళ్ళకు బస్సు దిగినవాడికి ఒంట్లో బాగోలేకపోవడం వింత కాదు. ఇన్నేళ్ళకు నీకూ మలుపులు తగిలాయి మామయ్యా అని నేనన్నాను, అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. బేకరీ ఆవిడ ఒక కవర్ చేతిలో పెట్టింది. ఎప్పట్లాగే విడిపోయి ఎవరి మూలకు వాళ్ళం పోయాం.

మొదటి సగం నడుమ ఎప్పుడో మామయ్య ముందుకు వాలిపోయాడు. టోపీ కళ్ళ మీదికి జారింది. ఆయనకు చెరో పక్కా ఒక దిండు మనిషి. దూరం నుంచి చూస్తే ముగ్గురూ ఒకటే. పై మెట్ల మీద ఉన్న కండక్టర్ చూశాడు. ఈసారి మామయ్య ఒక దిండు ఎక్కువ తెచ్చాడనుకున్నాడు. బేకరీ ఆవిడ చూసింది. మామయ్య చోటు మారాడనీ, ఆయన కుర్చీలో దిండు పెట్టాడనీ అనుకుంది. నేను చూశాను. టోపీ వంకరగా ఉంది, మామయ్య పని ఇలా ఉండదే అనుకున్నాను. అంతకంటే ఘోరం ఇంకోటుంది. ఒక గార్డు పక్క నుంచి పోతూ ఆ టోపీని సరిచేసి, భుజం తట్టి మరీ పోయాడు. మంచి మనిషి, దిండ్లంటే అతనికి ప్రేమ.

అంతలో బంతి గీత దాటింది. మన ఎడమ డిఫెండరు వచ్చాడు. బంతి తీసుకున్నాడు, రెండు చేతులతో తల మీదికి ఎత్తాడు. విసరలేదు.

స్టేడియం మొత్తం కేకలు. ఆలస్యం చేస్తున్నాడని వేల మంది ఒక్క గొంతుతో ఈలలు. రిఫరీ చెయ్యి ఊపాడు. తోటి ఆటగాళ్ళు అరుస్తున్నారు. అతను మాత్రం తల కొద్దిగా పక్కకు వంచి నిలబడ్డాడు, ఎవరో పిలుస్తారని ఎదురుచూసేవాడిలా. తరవాత ఎప్పుడూ చేయని పని చేశాడు. వెనక్కి తిరిగి మా గ్యాలరీ వైపు చూశాడు. మూలన మూడు టోపీలు వాలి ఉన్నాయి. నడుమ ఉన్నదానికి కింద ఒక చెయ్యి వేలాడుతోంది. మామయ్య దిండ్లకు చేతులుండవు.

బంతి పడేసి, ప్రకటనల అట్టలు దాటి, కంచె ఎక్కి అతను దూకడం నేను కళ్ళారా చూశాను. ఆ కంచె ఎంత ఎత్తో రోజు రోజుకీ నేను కొంచెం పెంచుతూ వచ్చాను కాబట్టి ఇప్పుడు చెప్పను. రిఫరీ ఈల వేసుకుంటూ వెంట పరిగెత్తాడు. మైదానం పక్కన డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ సంచీ పట్టుకుని వచ్చింది. మేము నలుమూలల నుంచీ పరిగెత్తాం. ఒకరికొకరం అంత దూరంలో కూర్చున్నామని అప్పటిదాకా ఎప్పుడూ అనిపించలేదు. మెట్లు తరగలేదు. నేను చేరేసరికి ఆవిడ మామయ్య గుండె మీద రెండు చేతులూ పెట్టి అదుముతోంది. పెద్ద చెవుల డిఫెండరు మామయ్య తల ఒళ్ళో పెట్టుకుని, ఏమండీ, ఏదో ఒకటి అనండి, ఏమండీ అంటున్నాడు.

ఈలలు ఆగిపోయాయి. అంత పెద్ద స్టేడియం అంత నిశ్శబ్దంగా ఉండగలదని అక్కడివాళ్ళకు కూడా తెలియదు. స్ట్రెచర్ మైదానం చుట్టూ వెళ్తుంటే ఆ ఊరి జనమంతా లేచి నిలబడ్డారు. వాళ్ళెవరో మాకు తెలియదు. కాసేపటి క్రితం దాకా మమ్మల్ని తిట్టినవాళ్ళే. ఎవరో పెద్దావిడ తన శాలువా తీసి స్ట్రెచర్ మీద వేసింది. ఆ శాలువా ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఆవిడ ఎవరో కనుక్కుని తిరిగి ఇద్దామని చాలాసార్లు అడిగాం, తెలియలేదు. ఇది చదివితే రండమ్మా, కొత్త దిండు కూడా ఇస్తాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాట ఒకటే. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదట.

అత్తయ్య సంగతి చెప్పాలి. పెళ్ళై వచ్చాక ఆవిడ కొండ దిగలేదు. ఆవిడకు ఆటో మలుపు తిరిగినా తల తిరుగుతుంది. కబురు అందగానే కట్టుబట్టలతో బస్సెక్కింది. ఆ రోడ్డంతా ఎలా వచ్చిందో డ్రైవరు తరవాత చెప్పాడు. అమ్మా, కాసేపు ఆపనా అని అడిగితే, ఆపావంటే నేను దిగి నడుస్తాను, నువ్వు పోనీ నాయనా అందట. ఆసుపత్రి మెట్ల దగ్గర దిగేసరికి మనిషి వడలిపోయింది. గోడ పట్టుకుని నడుస్తూ వార్డులోకి వచ్చి, మామయ్య కళ్ళు తెరిచి ఉండడం చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"మీకు ఇంత దూరం వచ్చే రోగం ఎందుకండీ, మన ఊళ్ళోనే తెచ్చుకోవచ్చుగా," అంది. అని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ పట్టిన చెయ్యి ఆయన్ని ఇంటికి తీసుకుపోయేదాకా వదల్లేదని చెబితే నేను కోతలు కోస్తున్నానంటారు. నిజంగానే వదల్లేదు.

ఆ ఊళ్ళో మాకు ఎవరూ లేరు. టోపీ సరిచేసిన గార్డు రోజూ డ్యూటీ దిగి వచ్చేవాడు. తను బతికున్న మనిషి భుజం తట్టి వెళ్ళిపోయానని ఆయనకు నిద్ర పట్టడం లేదు. నీ తప్పేముందయ్యా, నా కుట్టు అంత బాగా కుదిరింది మరి అని మామయ్యే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చింది. తరవాత అత్తయ్యకు భోజనం వాళ్ళింటి నుంచే వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఎడమ డిఫెండరు వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అత్తయ్య లేచి అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మామయ్య ఏదో చెప్పాలని చూశాడు. ఇన్నేళ్ళూ అతన్ని తిట్టడానికి తడుముకోని మనిషికి ఆ రోజు ఒక్క మంచి మాట దొరకలేదు. చివరికి అసలు సంగతి నేనే అడిగాను. అంత గోలలో, వేల మంది అరుస్తుంటే, ఒక్క మనిషి గొంతు వినబడలేదని ఎలా తెలిసిందని.

అతను కాస్త సిగ్గుపడ్డాడు. బయట ఊళ్ళలో వేల గొంతులు వినబడినా, అవన్నీ కలిసి ఒకటే హోరట. మన ఊరి మాట వినబడేది ఆ మూల నుంచే. మనవాళ్ళు వందలుగా వచ్చి ఉంటే ఒక గొంతు తగ్గిన సంగతి తనకు తెలిసేది కాదట. ఇంత చెప్పి ఆగాడు.

"ఇంకోటి కూడా ఉందండీ. ఆ రోజు మీకు జవాబు తయారు చేసుకుని వచ్చాను."

మామయ్య దిండు మీంచి కొంచెం లేచాడు. "జవాబా? ఏం జవాబు?"

"ఇప్పుడెందుకులెండి."

"ఒరేయ్ అబ్బాయ్, నేను చావుదాకా పోయి వచ్చాను. చెప్పకపోతే మళ్ళీ పోతాను."

అతను అత్తయ్య వైపు ఒకసారి చూసి, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "రాత్రంతా పడుకునేది మీ కొట్లో కొన్న పరుపు మీదండీ, పొద్దున్నే ఇంతకంటే ఎలా పరిగెత్తమంటారు అని."

వార్డులో నవ్వని రోగి లేడు. పక్క మంచం మీది ఆయన కాలికి కట్టిన బరువు ఊగి, నర్సు వచ్చి మందలించింది. అందరికంటే ఎక్కువ నవ్వింది అత్తయ్య. మామయ్య మాత్రం నవ్వలేదు. ఆయన మొహం చూసి నాకు భయం వేసింది. ఏ పరుపు, ఎప్పుడు కొన్నావు, చారల గుడ్డా పువ్వుల గుడ్డా, ఏ మూల పల్చబడింది అని ప్రశ్నల మీద ప్రశ్నలు. గుండె మిషన్ మీద గీతలు ఎగరడం మొదలెట్టాయి. అప్పుడతను కంగారుపడి నిజం చెప్పాడు. పరుపు కొనలేదట. క్లబ్బువాళ్ళిచ్చిన గదిలో ఒక చాప మీద పడుకుంటాడట. జవాబు బాగుంటుందని కల్పించాడట. అప్పుడు నవ్వాడు మామయ్య. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. అవి నవ్వుకు వచ్చినవో కాదో నేనడగలేదు. కోతలు కోయడం అందరికీ చేతనవదు. అంత చక్కగా ఒక్క ముక్కలో కోసినవాడంటే నాకు అప్పటి నుంచీ గౌరవం.

కొండ మీదికి తిరిగి వచ్చాక బరువులెత్తొద్దని డాక్టరమ్మ ఆంక్ష. అయినా అరుగు మీద కూర్చుని, నా చేత కొత్త దూది ఏకించి, దాన్నే మళ్ళీ ఏకించి, మూలలే కాకుండా నడుమ కూడా తొక్కి నింపించి, దబ్బనం మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఒక్కో కుట్టూ తనే వేశాడు. నా జన్మలో అంత బరువైన పరుపు మోయలేదు. దాన్ని డిఫెండరు గదికి చేర్చేసరికి నేను ఓ అంగుళం పొట్టిగా అయిపోయాను. అతను తలుపు తీసి, మామయ్య మెట్ల కింద నిలబడి ఉండడం చూసి, కిందికి దిగి వచ్చాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను పరుపు కింద ఉన్నాను, వినబడలేదు. బయటికొచ్చాక చూస్తే మామయ్య అతని భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు, ఊరికే.

బయటి మ్యాచ్‌లు మాత్రం అత్తయ్య బంద్ చేసింది. ఇంకోసారి ఆ మాటెత్తితే తను పుట్టింటికి పోతానంది. పుట్టిల్లు వెనక వీధే అయినా మామయ్య భయపడ్డాడు. మ్యాచ్ రోజున కొట్లో రేడియో పెట్టుకుని కూర్చునేవాడు. నోరు మెదిపేవాడు కాదు. ఆ గంటన్నరలో వేసిన కుట్లన్నీ నేను తరవాత విప్పాల్సి వచ్చేది. అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి చూసేది, లోపలికి పోయేది, మళ్ళీ వచ్చి చూసేది. జట్టు కొండెక్కి వచ్చాక డిఫెండరు కొట్టుకు వచ్చేవాడు. ఆట ఎలా ఉందని మామయ్య అడిగితే, ఉందండీ అనేవాడు. ఇద్దరూ అరుగు మీద చెరో పక్క కూర్చుని రోడ్డు చూసేవారు.

మూడోసారి అలా కూర్చున్నప్పుడు అత్తయ్య బయటికొచ్చింది. తన షరతులు చెప్పింది. దిండ్లు వద్దు. విడివిడిగా కూర్చోవడం వద్దు. ఆయన పక్కన మనిషి ఉండాలి, భుజానికి భుజం తగులుతూ ఉండాలి. ఆ మనిషి ఎవరని మామయ్య అడిగాడు.

"ఎవరేమిటి, నేనే," అంది.

మరుసటి మ్యాచ్‌కి ఆవిడ బస్సెక్కింది. ప్రతి మలుపుకీ బస్సు ఆపలేదు కానీ ప్రతి మలుపునూ ఆవిడ గౌరవించింది. మామయ్య కవర్ పట్టుకుని, వీపు రాస్తూ, అయిపోయిందిలే, ఇదే ఆఖరిది అని అబద్ధాలు చెబుతూ వచ్చాడు. అబద్ధాల్లో నాకు పోటీ ఇంట్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

అంత పెద్ద గ్యాలరీలో మేమంతా ఒకే వరుసలో, ఒకరినొకరు ఒత్తుకుంటూ కూర్చున్నాం. చుట్టూ ఖాళీ కుర్చీలు. మామయ్యకు మొహం చెల్లలేదు. టీవీలో చూస్తే పరుపులో దూదంతా ఒక్క ముద్దై కూర్చున్నట్టు ఉంటుందని గొణిగాడు. పక్క గ్యాలరీలోంచి ఎవడో, మీ ఊరు ఊరంతా ఒకే ఆటోలో వచ్చేసిందా అని అరిచాడు. కండక్టర్ లేచి నిలబడి, డ్రైవరు బయట ఉన్నాడు, వాణ్ణి కలుపుకుంటే ఇంకొకరం అని జవాబిచ్చాడు. ఆవలివాళ్ళు కూడా నవ్వారు.

అంతలో బంతి గీత దాటి మా ముందుకే వచ్చింది. ఎడమ డిఫెండరు దాని వెనక వచ్చాడు. బంతి తీసుకున్నాడు. ఇటు చూడలేదు కానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. మామయ్య గొంతు సవరించుకున్నాడు. నెలల తరబడి దాచుకున్న తిట్టు, ఎంత పెద్దది ఉంటుందోనని మేమంతా ఊపిరి బిగబట్టాం. ఆయన నోరు తెరిచేలోపే అత్తయ్య లేచి నిలబడింది. ఆటలో ఎప్పుడేం చేయాలో, ఏం చేయకూడదో ఆవిడకు తెలియదు.

"నాయనా, ఏమైనా తిన్నావా?" అంది, మైదానం అంతా వినబడేలా.

అతను మంచి ఇంట్లో పెరిగిన మనిషి. పెద్దవాళ్ళు అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేడు. బంతి చంకలో పెట్టుకుని, మా వైపు పూర్తిగా తిరిగి, "తిన్నానండీ, మీరు?" అన్నాడు.

ఎక్కడ తినను నాయనా, ఆ మలుపుల్లో నీళ్ళు కూడా నిలవలేదు అని అత్తయ్య మొదలుపెట్టింది. రిఫరీ వచ్చి, ఆలస్యం చేస్తున్నందుకు అతనికి పసుపు కార్డు చూపించాడు. ఆ రంగు అట్టముక్క ఎందుకిచ్చారో అత్తయ్యకు అర్థం కాలేదు. బాగా ఆడుతున్నందుకేమో అనుకుని చప్పట్లు కొట్టింది. మామయ్య తల పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళు తిట్టాను, ఒక్కసారి కూడా వాడికి కార్డు తెప్పించలేకపోయాను," అన్నాడు ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుంటూ.

అత్తయ్య ఆయన మణికట్టు పట్టుకుని, నాడి చూసేదానిలా వేళ్ళు ఆనించి, కూర్చుంది. ఆకలితో ఆడుతున్నాడేమోనని అడిగానండీ అంది. మైదానంలో అతను బంతిని చాలా దూరం విసిరాడు, మేమెప్పుడూ చూడనంత దూరం.